గోడ పొడవునా ఎర్రదీపం

ఆ గోడ మంచిది కాదు.

పగలు చూస్తే ఒట్టి గోడే. మూతబడ్డ సబ్బుల ఫ్యాక్టరీకి ప్రహరీ. సున్నం రాలిపోయి, పైన గాజుపెంకులు గుచ్చి, రోడ్డు పక్కన అలా సాగుతూనే ఉంటుంది. ఒకవైపు గోడ, రెండోవైపు మురికికాలువ. మధ్యలో ఒక్క ఇల్లు లేదు, ఒక్క కొట్టు లేదు. దీపాల స్తంభాలు ఉన్నాయి గానీ, అవి వెలగడం ఎప్పుడు మానేశాయో వాటికే తెలియాలి.

రాత్రయితే మాత్రం... అక్కడ ఒక ఆడమనిషి చెయ్యెత్తుతుందంటారు.

ఇది టాక్సీవాళ్ళ నోట పుట్టిన మాట. ఎప్పుడో ఒక వానరాత్రి ఎవరో ఒకావిడ ఆ గోడ పక్కన నిలబడి, వచ్చిన ప్రతి బండికీ చెయ్యెత్తిందట. ఒక్కడూ ఆపలేదట. తెల్లారేసరికి — ఇక్కడ గొంతు తగ్గించేస్తారు — తెల్లారేసరికి ఆవిడ లేదట. తర్వాతెప్పుడో ఒకడు ఆపాడట. వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మూసుకున్న చప్పుడైంది. బండి వెనకవైపు కాస్త కుంగింది. ఎక్కడికమ్మా అంటూ అద్దంలోకి చూస్తే... సీటు ఖాళీ. తడిసి మాత్రం ఉంది. అంతే, ఆ డ్రైవరు మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదట.

ఆ డ్రైవరు ఎవరయ్యా అని అడగండి, ఒక్కడూ చెప్పడు. దెయ్యాన్ని చూసినవాడు ఎప్పుడూ మన పక్కవాడికి తెలిసినవాడే గానీ మనకి తెలిసినవాడు కాడు గదా.

సరిగ్గా ఈ మాటే అని నవ్వేవాడు మన చుక్కలాయన. ఈ కథ అతనిదే. అతని నవ్వు ఏమైపోయిందో చెప్పడానికే ఇదంతా.

చుక్కలాయన అని ఎందుకంటారంటే, పొద్దస్తమానం చుక్కలు చూడటమే అతని ఉద్యోగం. ఆకాశంలోవి కావు, తెరమీదవి. నగర రవాణా ఆఫీసులో, కిటికీ సరిగా మూతపడని ఒక గదిలో అతని కుర్చీ. ఆ ఊళ్ళో ప్రతి టాక్సీలోనూ ఒక చిన్న పెట్టె ఉంటుంది. బండి ఎక్కడుందో, ఎంత జోరుగా పోతోందో, లోపల మనిషి ఉన్నాడో లేడో అది చెప్తూనే ఉంటుంది. ఖాళీ బండికి పైకప్పు మీద పచ్చదీపం. మనిషి ఎక్కి డ్రైవరు మీటరు వేయగానే అది ఎర్రదీపం అవుతుంది. అక్కడ దీపం మారితే ఇక్కడ తెరమీద చుక్క రంగు మారుతుంది. ఆ చుక్కల్ని పోగేసి, జనం ఏ వేళకి ఎక్కణ్ణించి ఎక్కడికి పోతున్నారో, ఎక్కడ బస్సు కావాలో, ఏ రోడ్డు బళ్ళతో కిక్కిరిసిపోతోందో మనవాడు తేలుస్తాడు. ఊరి నాడి నా వేళ్ళ కింద ఉందని అప్పుడప్పుడు గొప్పలు పోయేవాడు కూడా.

వినేది ఒక్క అక్కే.

అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోతే, వీణ్ణి రెక్కల కింద పెట్టుకుని పెంచింది అక్క. తనకంటూ ఏమీ ఉంచుకోలేదు. పెద్దాసుపత్రి వెనకభాగంలో దుప్పట్లు ఉతికే చోట రాత్రి పని. పెద్దపెద్ద యంత్రాలు, పొగలు కక్కే వేడినీళ్ళు, ముక్కు పగిలిపోయే బ్లీచింగు వాసన. ఆ ఆవిరే ఆమె ఊపిరితిత్తుల్ని తినేసింది. ఉబ్బసం. సంచిలో ఎప్పుడూ ఒక ఇన్‌హేలరు. దానికి ఆమె పెట్టుకున్న పేరు ఊపిరిడబ్బా. ఎంత కడుక్కున్నా ఆమె చేతుల్లోంచి బ్లీచింగు వాసన పోయేది కాదు. ఆ చేత్తోనే వీడికి చిన్నప్పుడు ముద్దలు పెట్టింది. వీడికి ఆ వాసన అంటే ఇల్లే.

"నీ చుక్కల్లో నేనెక్కడున్నానురా?" అని అడిగేది వేళాకోళంగా.

"నువ్వు టాక్సీ ఎక్కితేగా అక్కా చుక్కవయ్యేది" అనేవాడు.

నిజమే, ఆమె ఎక్కేది కాదు. ఉతుకుడు గదుల పక్కనే ఆసుపత్రి వెనకగేటు ఉంది. అది తెరుచుకునేది ఆ గోడ మొదట్లోకే. కానీ పనివాళ్ళెవరూ అటు వెళ్ళరు. ఆసుపత్రి అంతా చుట్టి, ముందుగేటు దాటి, నాలుగు రోడ్ల కూడలిదాకా నడుస్తారు. మిగతావాళ్ళకి అది నడకే, అక్కకి గండం. తెల్లవారుజామున ఇంటిమెట్ల మీద కూలబడి ఆమె ఊపిరి పీల్చుకునే చప్పుడు, పిల్లనగ్రోవి పగిలినట్టు, లోపల పడుకున్న వీడికి వినిపించేది. దుప్పటి మీదికి లాక్కునేవాడు. ఏదో ఒకటి చెయ్యాలి, చెయ్యాలి అనుకునేవాడు.

చేసే రోజు వచ్చింది.

రాత్రిపూట టాక్సీ స్టాండ్లు పెడతాం, ఎక్కడెక్కడ పెట్టాలో తేల్చమని పని పడింది. అతని పైన ఒక పెద్దసారు ఉండేవాడు. మెత్తగా మాట్లాడతాడు, మాట మాత్రం మార్చడు. స్టాండు అనేది ఎక్కేవాళ్ళ కోసం గదా, ఎక్కిన చోట్లు ఏరు చాలు, దిగిన చోట్లతో మనకేం పని అన్నాడు. మాట సబబుగానే ఉంది. పని సగం తగ్గుతుంది కూడా. మనవాడు పచ్చచుక్క ఎర్రబడ్డ చోట్లు మాత్రం ఉంచి, ఎర్రచుక్క పచ్చబడ్డ చోట్లన్నీ చెరిపేశాడు.

చెరిపి, రాత్రి చుక్కలు తెరమీద పరిచాడు. కళ్ళని నమ్మలేకపోయాడు.

ఊళ్ళో ఇంకెక్కడా లేనంత దట్టంగా, ఎర్రగా, గుత్తులు గుత్తులుగా... గోడ మొదట్లో! అక్క గేటు ముందే! రాత్రి ఎంత ముదిరితే అంతమంది ఎక్కుతున్నారు అక్కడ. ఎవరు వీళ్ళంతా? ఆసుపత్రి జనమే అయివుంటారు. రోగుల తాలూకువాళ్ళు, వెనకగేటులోంచి వచ్చి ఎక్కేస్తున్నారన్నమాట. మా పిచ్చి అక్క ఒక్కతే ఊరంతా చుట్టి ఊపిరి పోగొట్టుకుంటోంది. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది మనవాడికి. ఒకరోజు మధ్యాహ్నం వెళ్ళి చూసి కూడా వచ్చాడు. గోడ, కాలువ, గేటు. బళ్ళన్నీ ఒకవైపుకే పోయే వెడల్పయిన రోడ్డు. బళ్ళు ఆగడానికి బోలెడు చోటు. ఇంతకంటే మంచి చోటు లేదని రాసి, కింద సంతకం గీశాడు.

షెడ్డు లేచింది. రేకుల కప్పు, సిమెంటు అరుగు, టాక్సీ బొమ్మ వేసిన ఒక ఇనపస్తంభం. దీపం రేపోమాపో బిగిస్తామన్నారు.

టాక్సీవాళ్ళు ఆ షెడ్డు చూసి, దెయ్యం వానకి తడుస్తోందని పైకప్పు వేయించార్రా అని చెవులు కొరుక్కున్నారట. ఆ మాట మనవాడి చెవినపడలేదు. పడినా నవ్వేవాడే.

అక్కకి మాత్రం ఉతుకుడు గదిలో ఆడవాళ్ళు చెప్పారు. అక్కడ నిలబడకు, చోటు మంచిది కాదు అని. ఆమె ఇంటికొచ్చి తమ్ముడికి చెప్పింది. వాడు అన్నం తింటూ నవ్వాడు.

"దెయ్యాలు మీటరు వేయించుకుని తిరుగుతాయా అక్కా? రాత్రిళ్ళు అక్కడ ఎంతమంది ఎక్కుతారో నాకు తెలుసు. అంతమంది మధ్యన నీ దెయ్యానికి నిలబడ్డానికి చోటెక్కడిది?"

ఆమె వాడి కంచంలో ఇంకాస్త వడ్డించి, "నువ్వు చూశానన్నావంటే చాలురా" అంది.

ఆ రాత్రి వాన మొదలైంది. పని ముగించుకుని అక్క మొదటిసారిగా వెనకగేటులోంచి బయటికొచ్చింది. ఆ గేటు లోపలివాళ్ళు బయటికి పోవడానికే. వెనక మూసుకుంటే బయటినించి తెరుచుకోదు.

చుక్కలాయన పక్కమీద ఫోను మోగింది.

"ఒరేయ్... ఇక్కడ ఎవరూ లేరురా. నేనొక్కదాన్నే ఉన్నాను."

వాన కదా అక్కా, అందరూ ముందే ఎక్కేసి ఉంటారన్నాడు, నిద్రకళ్ళతో. బళ్ళు రావడం లేదా అని అడిగాడు.

"వస్తున్నాయి. ఒక్కటీ ఆగట్లేదు. అన్నిటికీ ఎర్రదీపమే."

ఆ మాట వినగానే మనవాడి మనసు కుదుటపడింది. చూశారా, చదువు చేసే పని! ఎర్రదీపం అంటే మనుషులున్నట్టు. మనుషులున్నారంటే గిరాకీ ఉన్నట్టు. గిరాకీ ఉంటే ఖాళీబండి రాకుండా ఎక్కడికి పోతుంది?

"గేటు మూసుకుపోయింది. గోడ వెంబడే నడిచి పోనా?" అంది అక్క. గొంతులో అప్పుడే పిల్లికూత మొదలైంది.

"వద్దు వద్దు. వానలో నడవకు, ఆయాసం వస్తుంది. ఊళ్ళోకెల్లా ఎక్కువమంది ఎక్కే చోట ఉన్నావు అక్కా. అక్కడే నిలబడు. నామాట విను."

"సరే... నువ్వు పడుకో" అంది ఆమె.

వాడు పడుకున్నాడు. అది మాత్రం ఏ దెయ్యమూ చేయించింది కాదు.

తెల్లారి చూసుకుంటే ఫోన్లో అక్క పిలుపులు వరసగా ఉన్నాయి, ఒకటి కింద ఒకటి. షెడ్డులో రోడ్లూడ్చేవాళ్ళు చూశారామెని. అరుగు మీద కూర్చుని, ఎడంచేత్తో ఇనపస్తంభం పట్టుకుని ఉంది. ఖాళీ ఊపిరిడబ్బా ఒళ్ళో ఉంది. కుడిచెయ్యి ఒళ్ళోకి జారకుండా, అలాగే, సగం లేచి బిగుసుకుపోయి ఉందట. ఆసుపత్రి గోడకి అవతల అన్ని పడకలు, అంతమంది డాక్టర్లు. గోడకి ఇవతల, ఆ పడకల దుప్పట్లు ఉతికిన మనిషి ఊపిరాడక పోయింది.

కార్యక్రమాలన్నీ అయ్యాయి. పరామర్శకి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఇంట్లో ఒక్క తువ్వాలుకి ఇంకా బ్లీచింగు వాసన ఉంది. దాన్ని మనవాడు ఉతకలేదు.

ఆఫీసుకి వెళ్ళి, తెర ముందు కూర్చుని, ఆ రాత్రి చుక్కలు తీశాడు. తెరమీద వేశాడు.

గోడ మొదట్లో చుక్కలు ఎర్రబడుతున్నాయి. ఒకటి... ఇంకొకటి... ఇంకొకటి. అక్క నిలబడ్డ చోటే. అక్క నిలబడ్డ వేళకే. ఇంతమంది ఎక్కారు!

ఎవరు వీళ్ళు? ఆయాసపడుతున్న ఆడమనిషిని పక్కకి నెట్టి ఎక్కేసిన ఈ మహానుభావులెవరు? ఎవరూ లేరంది గదా అక్క? అక్క అబద్ధం చెప్పదు. చుక్కా చెప్పదు. మరి?

ఆ జనం మొహాలు చూడాలనుకున్నాడు. ఆ రాత్రే వెళ్ళాడు.

షెడ్డులో ఎవరూ లేరు. దీపం ఇంకా బిగించలేదు. కాలువలో కప్పలు అరుస్తున్నాయి. అరుగు మీద కూర్చోవడానికి మనసొప్పక స్తంభం పక్కన నిలబడ్డాడు. చాలాసేపు ఒక్క మనిషీ రాలేదు. నడిచి వచ్చినవాడు లేడు, గేటులోంచి వచ్చినవాడు లేడు.

దూరంగా మలుపులో వెలుగు... టాక్సీ.

పైకప్పు మీద పచ్చదీపం. ఖాళీబండి! చుక్కలాయన చెయ్యెత్తాడు.

బండి దగ్గరికొస్తోంది. ఆసుపత్రి మూల దాటింది. గోడ మొదలైంది. ఠక్కున — పచ్చదీపం ఆరి ఎర్రదీపం వెలిగింది.

ఆగలేదు. ఎవరూ ఎక్కలేదు. అతని ముందునించే దూసుకుపోయింది. వెనకసీటు ఖాళీగా ఉంది, కళ్ళారా చూశాడు. డ్రైవరు మెడ కూడా తిప్పలేదు. గోడ పొడవునా ఆ ఎర్రదీపం అలా పోయి, పోయి... గోడ చివర మళ్ళీ పచ్చబడింది.

వెనకాల ఇంకొకటి వచ్చింది. పచ్చ... గోడ రాగానే ఎరుపు... గోడ అవగానే పచ్చ. లోపల ఎవరూ లేరు. తర్వాతదీ అంతే. ఆ తర్వాతదీ అంతే.

చుక్కలాయన ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

గోడ చివర పెట్రోలు బంకు ఉంది. అక్కడిదాకా ఎలా నడిచాడో అతనికే తెలీదు. పచ్చదీపంతో ఒక బండి గాలి పట్టించుకుంటోంది. డ్రైవరు మందపాటి కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి. మీటరు ఎందుకు వేశారండీ, ఎవరూ ఎక్కలేదుగా అని అడిగాడు మనవాడు. కళ్ళజోడు డ్రైవరు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. కొత్తవాడిలా ఉన్నావు, తెలీదా అన్నాడు. ఆ గోడ పక్కన ఖాళీసీటుతో పోకూడదు. ఖాళీ సీటు చూస్తే అది ఎక్కుతుంది. మీటరు వేసి ఎర్రదీపం పెడితే, మనిషున్నాడనుకుని వదిలేస్తుంది. మాలో ఎవడు బండెక్కినా మొదట నేర్చుకునేది ఇదే, బ్రేకు తర్వాత.

ఆయన ఇంకా చెప్తూనే ఉన్నాడు, చెప్పుకుంటే తగ్గుతుందేమో అన్నట్టు.

"నేను చూశాను బాబూ. మొన్న వాన రాత్రి. అరుగు మీద కూర్చుని చెయ్యెత్తింది. దగ్గుతోంది. దెయ్యం దగ్గుతుందని నాకెవరూ చెప్పలేదు... ఒక్క క్షణం బ్రేకు మీదికి పోయింది కాలు."

"తర్వాత?"

"పిల్లలుగలవాణ్ణి. వచ్చేశాను."

అది మా అక్క అని మనవాడి నాలుక చివరిదాకా వచ్చింది, బయటికి రాలేదు. అది అక్క అయితే, ఆమెని అక్కడే నిలబడమన్నదెవరు? డ్రైవరు ఆపలేదు, నిజమే. ఆగకు, నడిచి పో అని ఒక్కమాట తను అని ఉంటే? తను చెరిపేసిన చుక్కలు ఒక్కసారి చూసి ఉంటే, ఎక్కినవాళ్ళంతా గోడ చివరే దిగిపోతున్నారని పసిపిల్లాడైనా పట్టేసేవాడు. చేతులు కాలాక ఇప్పుడు ఆకులు ఎన్ని పట్టుకుని ఏం లాభం.

మర్నాడు చెరిపిన చుక్కలన్నీ మళ్ళీ తెచ్చి, పెద్దసారు ముందు పరిచాడు. ఇది ఎక్కడం కాదు సార్, భయం. స్టాండు తీసేయించండి, ఇంకొకరు పోకముందే అన్నాడు. పెద్దసారు ఓపిగ్గా అంతా విన్నాడు. మీ అక్కగారి సంగతి నాకూ బాధగానే ఉందన్నాడు. ఆ తర్వాత తన కాగితం ఇటు తిప్పి చూపించాడు.

ఊళ్ళో పెట్టిన అన్ని స్టాండ్లలోకీ బాగా నడుస్తున్నది అదే. అక్క పోయినప్పటినించీ ఎక్కుళ్ళు ఇంకా పెరిగాయి.

పెరగవు మరి? ఇదివరకు ధైర్యస్థులు కొందరు మీటరు వెయ్యకుండా పోయేవారు. ఇప్పుడు వాళ్ళూ వేస్తున్నారు.

"మీటరు పడిందంటే మనిషి ఎక్కినట్టే. మన లెక్క అదేగదయ్యా" అన్నాడు పెద్దసారు. "డ్రైవర్లు దెయ్యానికి జడిసి మీటర్లు వేస్తున్నారని పైవాళ్ళకి నేను రాయాలా? పైగా సంతకం నీదే."

గోడ పొడవునా ఇంకో రెండు షెడ్లు వేయించే ఆలోచన కూడా ఉందట. ఆ మాట విన్నాక మనవాడు అక్కడ నిలబడలేకపోయాడు.

సరే, వీళ్ళు కాకపోతే డ్రైవర్లకే చెప్పుకుందామని పగటిపూట టాక్సీలు కడిగే చోటికి పోయాడు. అక్కడ దెయ్యం లేదయ్యా, చనిపోయింది మామూలు మనిషి, మా అక్క, ఉబ్బసం మనిషి అని బతిమాలాడు. వాళ్ళు పాపం జాలిగా విన్నారు. ఒకడు మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. ఆఖరికి వాళ్ళలో పెద్దవాడు నిట్టూర్చి, ఇదివరకటిది ఒట్టి మాటే అయివుండొచ్చు బాబూ, ఇప్పుడు నిజంగానే ఒక మనిషి చెయ్యెత్తుతూ పోయింది గదా అక్కడ... ఇంక ఖాయమైనట్టే అన్నాడు. తాడే పామై కరవడమంటే ఇదే.

ఆ రోజునించీ రాత్రిళ్ళు షెడ్డు దగ్గర నిలబడటం మొదలుపెట్టాడు చుక్కలాయన. ఒక్కటి... ఒక్కటంటే ఒక్కబండి ఆగితే చాలు. ఒకడు ఆగితే వాడు పదిమందికి చెప్తాడు, ఈ భయం వదిలిపోతుంది. అదీ అతని ఆశ. వానా మంచూ చూడలేదు. గడ్డం మాసింది. బట్టలు వదులయ్యాయి. పచ్చదీపం కనపడగానే చెయ్యెత్తేవాడు. గోడ రాగానే అది ఎర్రబడేది.

ఒక్కటీ ఆగలేదు.

చిత్రమేమిటంటే, కొంతసేపయ్యాక ఆ చెయ్యి నిలిచేది కాదు. తను దించకుండానే దిగిపోయేది. మోచేతి దగ్గర ఏదో బరువు వేలాడినట్టు, మెల్లిగా... మెల్లిగా. మళ్ళీ ఎత్తేవాడు. మళ్ళీ దిగేది. తిండి సరిగా లేక ఒంట్లో సత్తువ పోయిందనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

పగలు తెర ముందు నిద్రపోతున్నాడని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ దెయ్యం లెక్కలు చెప్తున్నాడని ఆఫీసులో గొడవయింది. ఎక్కడో దూరంగా, చుక్కలూ తెరలూ లేని ఒక చిన్న ఆఫీసుకి మార్చేశారు. ఎదురు చెప్పలేదు. ఒక పెట్టెలో బట్టలు సర్దాడు. ఉతకని తువ్వాలు పైన పెట్టాడు.

వెళ్ళే రాత్రి మళ్ళీ వాన. ఇంటి ముందే టాక్సీ దొరికింది. స్టేషనుకి అన్నాడు. బండి కదిలాక అద్దంలో చూస్తే, డ్రైవరుకి మందపాటి కళ్ళజోడు. ఆయన మాత్రం మనవాణ్ణి ఆనవాలు పట్టలేదు. ఎలా పడతాడు, ఆనాటి మనిషిలో సగం మిగిలితేగా.

స్టేషనుకి దారి గోడ పక్కనించే.

ఆసుపత్రి మూల దగ్గరపడుతుంటే కళ్ళజోడు డ్రైవరు స్టీరింగు బిగించి పట్టుకున్నాడు. మీరున్నారు గనక సరిపోయింది సార్, ఖాళీగా అయితే ఈ దారే రాను ఇప్పుడు అన్నాడు.

"ఎందుకని?"

"ఇదివరకు ఒక్కతే ఉండేది. ఇప్పుడు ఇద్దరు."

చుక్కలాయనకి నవ్వొచ్చింది. చాలారోజుల తర్వాత వచ్చిన నవ్వు, ఏడుపులాంటిదే. ఆ రెండోది తనే గదా! బతికుండగానే దెయ్యమైపోయాడన్నమాట. ఇంతకాలం వీళ్ళు చెప్పుకుంటున్నది ఇలాంటివేనన్నమాట. ఎవరో మామూలు మనుషులు, చీకట్లో, బండికోసం.

"మగమనిషి, గడ్డంవాడు గదూ?" అన్నాడు.

"మీరూ విన్నారా? వాడే. వాడు చెయ్యెత్తుతాడు సార్..." డ్రైవరు గొంతు తగ్గించాడు. "ఆమె ఎత్తదు. వాడి పక్కన నిలబడి, రెండు చేతుల్తో వాడి మోచెయ్యి పట్టుకుని కిందికి లాగుతూ ఉంటుంది. వద్దు, ఇవి ఆగవు, ఇంటికి పో అన్నట్టు. దగ్గుకుంటూ. నేనొక్కణ్ణే కాదు, మావాళ్ళంతా చూశారు."

చుక్కలాయన నవ్వు ఆగిపోయింది.

కుడిమోచెయ్యి వైపు చూసుకున్నాడు. చొక్కాకి అక్కడ ఒకచోట రంగు వెలిసి తెల్లబడి ఉంది, బ్లీచింగు పడ్డ గుడ్డలా. ఎన్నాళ్ళనించి ఉందో ఏమో, ఎప్పుడూ చూసుకోలేదు.

గోడ మొదలైంది. వాన అద్దాల మీద కారుతోంది. డ్రైవరు ఓరకంట షెడ్డు వైపు చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు.

"ఇవాళ ఒక్కతే ఉంది సార్" అన్నాడు.

"ఆపండి."

డ్రైవరు వినిపించుకోలేదు. బండి జోరు పెరిగింది.

"ఆపండి... మా అక్క... ఒక్కసారి ఆపండి..."

పిల్లలుగలవాణ్ణి బాబూ అన్నాడు డ్రైవరు, ఏడుపు గొంతుతో. ఆపలేదు.

చుక్కలాయన వెనక్కి తిరిగి సీటు మీద మోకాళ్ళమీద లేచాడు. వెనక అద్దంలో వాన, చీకటి, దూరమైపోతున్న రేకుల కప్పు. దాని కింద ఎవరున్నారో, ఉన్నారో లేదో, అతనికి కనపడలేదు. చెయ్యెత్తాడు. గోడ అయిపోయేదాకా ఎత్తే ఉంచాడు. ఈసారి దాన్ని దించడానికి పక్కన ఎవరూ లేరు.